24 వోల్టుల లెక్కలో దాగే తేడా: లారీ బ్యాటరీని పరీక్షించడం, భద్రంగా ఛార్జింగ్ పెట్టడం

లారీ సెల్ఫ్ తీసుకోకపోతే మొదటి నింద బ్యాటరీ మీదే పడుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు ధాన్యం దించడానికి వరుసలో నిలిచిన లారీ కావచ్చు, మేళ్లచెరువులో సిమెంటు లోడు కోసం ఆగిన ట్రెయిలర్ కావచ్చు, జడ్చర్ల దాటాక 44వ నంబరు జాతీయ రహదారి పక్కన దాబా ముందు రాత్రంతా నిలిపిన కంటెయినర్ కావచ్చు. తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు వస్తుంది, డాష్‌బోర్డు దీపాలు మసకబారతాయి, అంతే. పక్క బండి నుంచి కేబుళ్లు వేసి ఎలాగో లేపుతారు. రెండు రోజులకు మళ్లీ అదే తంతు. విసిగిపోయిన ఓనరు పది వేలకు పైగా పోసి కొత్త బ్యాటరీ వేయిస్తాడు. రెండు నెలలు తిరక్కుండానే డ్రైవరు నుంచి ఫోను: "అన్నా, మొన్ననే కదా మార్చాం, మళ్లీ దిగిపోయింది."

ఇలా వరుసగా దిగిపోయే బ్యాటరీని తిడితే లాభం లేదు. దాన్ని దించుతున్నది ఎవరో వెతకాలి. డైనమో సరిపడా ఛార్జి ఇవ్వకపోవచ్చు. ఎర్తు వైరు మొదట్లో తుప్పు పట్టి ఉండవచ్చు. సెల్ఫ్ మోటారులో బుష్‌లు అరిగి మామూలు కంటే ఎక్కువ కరెంటు గుంజుతూ ఉండవచ్చు. తాళం తీసేసినా జీపీఎస్ పెట్టె, మ్యూజిక్ సిస్టమ్ కొద్దికొద్దిగా తాగుతూ ఉండవచ్చు. మన లారీల్లో వీటన్నిటికంటే ఎక్కువగా చెరుపు చేస్తూ, ఎవరి కంటా పడని కారణం ఇంకొకటి ఉంది. రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే 12 వోల్టులు లాగడం. దాని సంగతి వివరంగా చెప్పుకోవాలి. అంతకంటే ముందు బ్యాటరీ లోపల జరిగేదేమిటో కొంచెం తెలియాలి.

సీసం, యాసిడ్ కలిసి పనిచేసే ఈ బ్యాటరీని ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో తయారు చేశాడు. అసలు సూత్రం ఇప్పటికీ అదే. 12 వోల్టుల పెట్టెలో ఆరు గదులు, ఒక్కో గదిలో దాదాపు 2.1 వోల్టులు. ప్లస్ ప్లేట్ల మీద లెడ్ డయాక్సైడ్, మైనస్ ప్లేట్ల మీద మెత్తటి సీసం, రెండింటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. బ్యాటరీ కరెంటు ఇస్తున్నకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేట్ వెళ్లి ప్లేట్లకు పడుతుంది, మిగిలిన ద్రవం పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే ఆ సల్ఫేట్ తిరిగి ద్రవంలోకి వచ్చి యాసిడ్ చిక్కబడుతుంది. హైడ్రోమీటరుతో గ్రావిటీ, అంటే నీళ్లతో పోలిస్తే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో, చూసే పద్ధతికి ఆధారం ఇదే.

ప్లేట్లకు పట్టిన సల్ఫేట్ మొదట్లో మెత్తగా ఉంటుంది, ఛార్జింగ్ పెడితే సులువుగా కరుగుతుంది. దిగిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే అది గట్టి పలుకులుగా మారి, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. వరి కోత యంత్రాల యజమానులు ఏటా నష్టపోయేది ఇక్కడే. యాసంగి కోతలు మే నెలలో ముగిశాక యంత్రాన్ని షెడ్డులో పెడితే మళ్లీ బయటికి తీసేది వానాకాలం పంట కోతకు వచ్చినప్పుడే. ఆ ఐదు నెలలు బ్యాటరీ ఊరికే ఉండదు. ఏ లోడూ లేకపోయినా దానంతట అది కొంత దిగుతూనే ఉంటుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం సుమారు రెట్టింపవుతుంది. యంత్రం షెడ్డులో పెట్టిన రోజే మైనస్ వైరు విప్పి, నెలకొకసారి నిండా ఛార్జింగ్ పెడితే సరిపోతుంది. ఈ చిన్న పని చేయక, రెండు మూడు సీజన్లకే బ్యాటరీని పాత సామాను కింద వేస్తున్నారు.

మీటరు చెప్పేది, చెప్పనిది

పరీక్ష కంటితోనే మొదలవ్వాలి. పెట్టె పక్కలు ఉబ్బాయా, మూత దగ్గర పగులు ఉందా, టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుందా, పైన యాసిడ్ తడి ఉందా చూడాలి. పైభాగం తడిగా, మురికిగా ఉంటే ఆ పొర మీదుగానే ప్లస్ నుంచి మైనస్‌కు కొద్దిగా కరెంటు కారిపోతుంది. ఉబ్బినా, పగిలినా ఇక పరీక్షలు అక్కర్లేదు, ఛార్జింగ్ అసలే పెట్టకూడదు.

తర్వాత మల్టీమీటరు. ఇంజిన్ ఆపిన వెంటనే చూస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొన్ని గంటలు ఆగాలి. అంత తీరిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి, ఆర్పి, కాసేపు ఆగి చూడాలి. అలా నిలకడగా ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సుమారు సగం, 11.9 అయితే దాదాపు ఖాళీ. ఒక మెలిక గుర్తుంచుకోవాలి. వేడి ప్రాంతాల కోసం కొన్ని కంపెనీలు కాస్త పలచటి యాసిడ్ నింపుతాయి. ఒక్కో గది వోల్టేజీ సుమారుగా గ్రావిటీకి 0.84 కలిపినంత ఉంటుంది కాబట్టి, 1.250 గ్రావిటీతో నిండిన బ్యాటరీ 12.54 దగ్గరే ఆగుతుంది. అది నిండలేదని ఇంకా ఇంకా ఛార్జింగ్ పెట్టడం పొరపాటు. నిండుకు ఎంత గ్రావిటీ ఉండాలో బ్యాటరీ మీదో, దాంతో ఇచ్చిన కాగితంలోనో ముద్రించి ఉంటుంది, దాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

వోల్టేజీ బాగుంటే బ్యాటరీ బాగున్నట్టేనా? కాదు. చెరువు గట్టు దగ్గర గేజీ రాయి నీటిమట్టం చూపిస్తుంది గానీ అడుగున ఎంత పూడిక పేరుకుందో చూపించదు. తూము ఎత్తితే రెండు రోజుల్లో ఖాళీ అయ్యే చెరువు కూడా గేజీ మీద నిండుగానే కనిపిస్తుంది. 12.6 చూపించి సెల్ఫ్ కొట్టగానే కూలబడే బ్యాటరీ అలాంటిదే. ప్లేట్లు రాలిపోయి, సల్ఫేట్ గట్టిపడి, ఉన్న కాస్త జాగాలోనే నిండింది.

అందుకే లోడ్ టెస్ట్ కావాలి. బ్యాటరీ ముందుగా కనీసం ముప్పాతిక వంతు ఛార్జి అయి ఉండాలి, లేకపోతే మంచి బ్యాటరీ కూడా తప్పుతుంది. దాని ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే అంకె) విలువకు మూడు రెట్ల కరెంటు, అంటే 150 ఏహెచ్ అయితే 450 ఆంపియర్లు, 15 సెకన్లు లాగితే వోల్టేజీ 9.6 కంటే కిందికి పోకూడదు. దుకాణంలో టెస్టరు పెట్టేటప్పుడు ఎన్ని సెకన్లు పట్టారో, ఎంత లోడు వేశారో పక్కన నిలబడి చూడటం బండి యజమాని హక్కు. ముళ్లు క్షణం పాటు కదిలించి "పోయింది" అనేస్తే అది పరీక్ష కాదు. చేతిలో ఇమిడే డిజిటల్ టెస్టర్లు ఇప్పుడు చాలాచోట్ల వచ్చాయి. అవి నిజంగా లోడు వేయవు, లోపలి వాహకతను కొలిచి లెక్క కడతాయి. బ్యాటరీ మీద ఉన్న సీసీఏ (చలిలో సెల్ఫ్‌కు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే) అంకెను సరిగా నమోదు చేస్తేనే వాటి ఫలితానికి విలువ.

టెస్టరు లేని చోట సెల్ఫ్ మోటారే లోడు. డీజిల్ అందకుండా చేసి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా పది సెకన్లలోపు సెల్ఫ్ తిప్పుతూ ఒక్కో బ్యాటరీ మీద విడిగా మీటరు పెట్టాలి. ఏదైనా 9.6 కంటే దిగినా, రెండింటి మధ్య అర వోల్టు మించి తేడా వచ్చినా, తక్కువ చూపించేదాన్ని అనుమానించాలి. అదే సమయంలో ఇంకొక్క పని చేస్తే ఎంతో డబ్బు మిగులుతుంది. మీటరు ఒక పిన్నును బ్యాటరీ సీసపు స్తంభం మీద, రెండోదాన్ని దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ తిప్పాలి. రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి మీటరు సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.2 వోల్టులు దాటిందంటే ఆ అతుకులోనే కరెంటు వృథా అవుతోంది. విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. ఇలాగే మైనస్ స్తంభం నుంచి ఇంజిన్ బ్లాకు దాకా చూస్తే ఎర్తు వైరు గుట్టు బయటపడుతుంది.

మూతలు విప్పగలిగే బ్యాటరీకి హైడ్రోమీటరును మించిన సాక్షి లేదు. ఆరు గదులనూ విడివిడిగా చూసి కాగితం మీద రాసుకోవాలి. ఉదాహరణకు 1245 (అంటే 1.245), 1240, 1250, 1240, 1120, 1245 అని వచ్చాయనుకుందాం. ఐదో గది నేరస్తురాలు. అన్ని గదులూ సమానంగా 1150 దగ్గర ఉంటే భయం లేదు, ఆ బ్యాటరీ కేవలం దిగింది, ఛార్జింగ్ పెడితే లేస్తుంది. ఒక్క గది మాత్రమే మిగతావాటికంటే 50 పాయింట్లు వెనకబడి, నిండా ఛార్జింగ్ పెట్టాక కూడా అలాగే ఉంటే దాని ఆయుష్షు తీరినట్టే. మన ఎండల్లో వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. యాసిడ్ వేడెక్కితే పలచగా కనిపిస్తుంది. 27 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకు 7 పాయింట్లు కలపాలి. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల్లో 1228 చూపిన యాసిడ్ నిజానికి 1240. నీళ్లు పోసిన వెంటనే గ్రావిటీ చూడకూడదు, పైన నీళ్లే ఉంటాయి.

సీల్ చేసిన బ్యాటరీల మీద పచ్చగా, నల్లగా మారే చిన్న కన్ను ఉంటుంది. దాన్ని మరీ నమ్మకూడదు. అది ఆరు గదుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

రెండు బ్యాటరీలు, ఒక మొత్తం

ట్రాక్టరుకు, మన ఊళ్లలో తిరిగే చాలా జేసీబీలకు 12 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. భారీ లారీలు, బస్సులు, టిప్పర్లు, బోరుబండ్లలో ఎక్కువ వాటికి రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 చేస్తారు. సమస్యంతా ఆ కలపడంలోనే దాగుంటుంది, ఎందుకంటే బండి ఎప్పుడూ మొత్తాన్నే చూస్తుంది.

ఒక లారీ దగ్గర మీటరు పట్టుకుని నిలబడ్డామనుకుందాం. రెండు బ్యాటరీలను కలిపి కొలిస్తే 24.6. ఫరవాలేదనిపించే అంకె. విడివిడిగా కొలిస్తే ఒకటి 12.7, రెండోది 11.9. ఒకటి నిండుగా ఉంది, రెండోది దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుపుతూ మళ్లీ చూస్తే డైనమో మొత్తం 28.4 ఇస్తోంది, అది సరైనదే. కానీ నిండుదాని మీద 15.0, ఖాళీదాని మీద 13.4 కనిపిస్తున్నాయి. 15 వోల్టుల్లో ఉన్నది కుతకుత ఉడుకుతూ నీళ్లు తాగేస్తుంది. 13.4 దగ్గర ఉన్నది ఎన్ని కిలోమీటర్లు తిరిగినా నిండదు, దాని ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఒకటి ఎక్కువై, ఒకటి తక్కువై, రెండూ చస్తాయి.

ఈ తేడాకు మూలం చాలా బండ్లలో క్యాబిన్‌లోనే ఉంటుంది. పాటల సిస్టమ్, చిన్న ఫ్యాను, ఫోను ఛార్జరు, దేవుడి ఫొటో చుట్టూ రంగు దీపాలు 12 వోల్టులవి దొరుకుతాయి. వాటికోసం ఎలక్ట్రీషియన్ రెండు బ్యాటరీల మధ్య తీగ నుంచి ఒక వైరు లాగి ఇస్తాడు. అంటే ఎర్తు వైపున్న బ్యాటరీ ఒక్కటే ఆ లోడంతా మోస్తుంది. డైనమో మాత్రం రెండింటి గుండా ఒకే కరెంటు పంపుతుంది. రోజూ ఒకటి ఎక్కువ ఖర్చు పెట్టి, రెండూ సమానంగా సంపాదిస్తే ఏమవుతుందో అదే అవుతుంది. ధాన్యం సీజన్‌లో మిల్లు ముందు మూడు రోజులు ఆగిన లారీలో ఫ్యాను, పాటలు కలిపి 4 ఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే, రోజుకు పది గంటలు వాడినా 40 ఏహెచ్. మూడో రోజుకు 120. 150 ఏహెచ్ బ్యాటరీలో మిగిలేది సెల్ఫ్‌కు చాలదు. పక్కనే రెండో బ్యాటరీ నిండుగా కూర్చుని ఉంటుంది.

డ్రైవర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. 45 డిగ్రీల వేడిలో, ఇనుప క్యాబిన్‌లో, వంతు ఎప్పుడొస్తుందో తెలియకుండా పడుకునే మనిషికి ఫ్యాను విలాసం కాదు. ఫ్యాను తీసేయమనడం పరిష్కారమూ కాదు. 24 వోల్టులను 12కు మార్చే కన్వర్టర్ పెట్టి, దాని ద్వారా ఆ సామాన్లకు కరెంటు ఇస్తే రెండు బ్యాటరీలూ సమానంగా మోస్తాయి. కొత్త బ్యాటరీ ధరతో పోలిస్తే ఆ ఖర్చు చిన్నది. రెండింటి మధ్య ఛార్జిని సరిచేసే ఈక్వలైజర్లు కూడా దొరుకుతాయి. బ్యాటరీలను నెలకోసారి అటూ ఇటూ మార్చడం వల్ల నష్టం పంచుకున్నట్టవుతుంది తప్ప పోదు.

దీన్నిబట్టి ఒక్కటే బ్యాటరీ మార్చడం ఎందుకు నిలవదో అర్థమవుతుంది. పాతదాని పక్కన కొత్తది, 130 ఏహెచ్ పక్కన 150, ఒక కంపెనీ పక్కన వేరొకటి పెడితే, వైరు లాగకపోయినా ఆ జంట సమంగా నడవదు. మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి, ఒకే రకం, ఒకే తయారీ నెలకు దగ్గరగా ఉన్నవి తీసుకోవాలి.

డైనమో పరీక్షలో ఒక పాత అలవాటును మానుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టు తేల్చడం. బ్యాటరీ తీసిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డైనమో డయోడ్లను, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె ఈసీయూను కాల్చేయగలదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో ఈసీయూ పోతే ఆ ఖర్చు ముందు పది బ్యాటరీల ధర కూడా చిన్నదే. మీటరు పెట్టి, ఇంజిన్ కాస్త రేజ్ చేసి చూస్తే 27.6 నుంచి 28.8 మధ్య ఉండాలి. 27కు తక్కువైతే నిండదు, 29 దాటితే ఉడుకుతుంది. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ వైర్లు విప్పమనేదీ ఈసీయూ కోసమే.

ఛార్జింగ్: కరెంటు, కాలం, గాలి

రెండు బ్యాటరీలు సమానంగా లేవని తేలాక, వాటిని కలిపే ఉంచి 24 వోల్టుల ఛార్జరు పెడితే తేడా అలాగే ఉంటుంది. మధ్య తీగ విప్పి, వేటికవే విడిగా 12 వోల్టుల ఛార్జరుతో నింపాలి.

కరెంటు ఎంత పెట్టాలన్నదానికి పాత లెక్కే మంచిది: ఏహెచ్‌లో పదో వంతు. 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్లు, ట్రాక్టరు 80 ఏహెచ్‌కు 8. సగం దిగిన 150 బ్యాటరీకి 75 ఏహెచ్ తిరిగి పోయాలి. దారిలో పోయే నష్టంతో కలిపి సుమారు 90 అనుకుంటే 15 ఆంపియర్ల మీద ఆరు గంటలు. చివర్లో నెమ్మదిస్తుంది కాబట్టి ఎనిమిది నుంచి పది గంటలు పట్టడం సహజం. గంటలో ఇచ్చేస్తామనే చోట పెద్ద కరెంటు కొట్టి ప్లేట్ల పైపొరను మాత్రమే లేపుతారు. బండి ఆ పూటకు స్టార్ట్ అవుతుంది, ప్లేట్లు మాత్రం వేడికి వంగుతాయి.

పల్లె కూడళ్లలోని ఛార్జింగ్ దుకాణాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరుకు నాలుగైదు బ్యాటరీలను వరుసగా గొలుసు కడతారు. వరుసలో అన్నింటి గుండా ఒకే కరెంటు పోతుంది. లారీ బ్యాటరీకి సరైన 15 ఆంపియర్లు పక్కనున్న ట్రాక్టరు బ్యాటరీకి దాదాపు రెట్టింపు. పైగా వాటిలో తనంతట తాను ఆగే ఏర్పాటు ఉండదు. సాయంత్రం పెట్టి తెల్లారి తీస్తే చిన్నది ఎప్పుడో నిండి రాత్రంతా ఉడికి ఉంటుంది. మీ బ్యాటరీని తనకు సమానమైన వాటితోనే పెట్టమని అడగండి.

నిండిందో లేదో గడియారం చెప్పదు, బ్యాటరీయే చెబుతుంది. అన్ని గదుల్లోనూ సమానంగా బుడగలు వస్తూ, గంట గంటకూ చూసిన గ్రావిటీ వరుసగా మూడుసార్లు కదలకుండా ఉంటే నిండినట్టు. ఒక గది మాత్రం బుడగలు లేకుండా చల్లగా, స్తబ్ధంగా ఉన్నా, మిగతావాటికంటే బాగా వేడెక్కినా అందులో లోపముంది. యాసిడ్ వేడి 50 డిగ్రీలకు చేరితే ఆపేసి చల్లారనివ్వాలి. ఎండాకాలంలో ఛార్జింగ్ మొదలుపెట్టకముందే యాసిడ్ 40 దాటి ఉంటుంది. కాబట్టి మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా పొద్దుగూకాక పెట్టడమే మేలు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల వేడికి బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ రంగంలో వాడే లెక్క. నల్గొండ వేసవి ఆ లెక్కను ఏటా రుజువు చేస్తుంది.

ఇక ప్రాణాలతో ముడిపడిన విషయం. ఛార్జింగ్ చివరి దశలో నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. ఆ బుడగలు అవే. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అది ఎంత త్వరగా పోగవుతుందో లెక్క వేయవచ్చు. నిండిన బ్యాటరీలో ఒక్కో గది నుంచి ఒక ఆంపియరు గంటకు సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. ఆరు గదుల బ్యాటరీకి 10 ఆంపియర్లు పోతుంటే గంటకు 25 లీటర్లు. పది బ్యాటరీలు ఉంటే 250. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 28 వేల లీటర్ల గాలి పడుతుంది, దానిలో 4 శాతం 1,120 లీటర్లు. షట్టరు దించి, కిటికీ మూసి రాత్రి వదిలేస్తే నాలుగున్నర గంటల్లో గది మొత్తం మందుపాతర. హైడ్రోజన్ అన్నిటికంటే తేలిక కాబట్టి పైకప్పు కింద అంతకంటే ముందే పేరుకుంటుంది. అక్కడే బల్బు, ఫ్యాను రెగ్యులేటర్ ఉంటాయి. గాలి బయటికి పోయే దారి పైన ఉండాలి, కింద తలుపు తెరిస్తే చాలదు.

గది సంగతి అలా ఉంచితే, బ్యాటరీ మూత కింద ఉండే కాస్త ఖాళీలో ఎప్పుడూ ఈ వాయువు ఉంటుంది. నీళ్లు తగ్గినకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది. అందుకే స్పార్క్ కొట్టి చూడటం, అంటే రెండు టెర్మినళ్లకూ తీగ ముక్కో స్క్రూడ్రైవరో తాకించి మెరుపును బట్టి బలం అంచనా వేయడం, మన గ్యారేజీల్లో కనిపించే పనుల్లో అత్యంత ప్రమాదకరమైనది. మంచి లారీ బ్యాటరీ అలా తాకితే వెయ్యి ఆంపియర్లకు పైగా కక్కగలదు. రవ్వ మూత సందుల్లోంచి లోపలికి పాకితే పెట్టె పేలి ముక్కలూ యాసిడూ మొహం మీదికి వస్తాయి. ఆ పని ఎక్కువగా చేసేది వంగి చూసే కుర్ర క్లీనరే. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లవాడి కళ్ల కంటే మూడు నాలుగు వందల రూపాయల మీటరు ఖరీదైనది కాదు. దయచేసి ఒకటి కొనివ్వండి.

మిగతా జాగ్రత్తలన్నీ ఈ రవ్వను దూరం పెట్టడానికే. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ ఉండగా ప్లస్ నట్టు తిప్పుతుంటే స్పానర్ రెండో కొస ఛాసిస్‌కు తగిలిన క్షణంలోనే పూర్తి షార్టు. చేతి కడియం, ఉంగరం తీసి పెట్టాలి. ఛార్జరు స్విచ్ ఆపి ఉన్నప్పుడే క్లిప్పులు పెట్టాలి, ఆపాకే తీయాలి. బీడీ, అగర్‌బత్తీ, గ్రైండర్ దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు వాడాలి. పక్కన బకెట్ నిండా మంచినీళ్లు, మగ్గు ఎప్పుడూ ఉండాలి. యాసిడ్ కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి కనీసం 15 నుంచి 20 నిమిషాలు ఆపకుండా నీళ్లు పోసి, ఆ తర్వాత వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తినే సోడా నేల మీద ఒలికిన యాసిడ్‌కే గానీ కంటికి కాదు.

పక్క బండి నుంచి కేబుళ్లు వేసేటప్పుడూ ఇదే సూత్రం. ఎర్ర కేబుల్ ముందు దిగిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస దిగిన బండి ఇంజిన్ మీద రంగులేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి అతుకులో రవ్వ తప్పదు కాబట్టి అది బ్యాటరీ దగ్గర పడకుండా చూసుకోవడమే దీని ఉద్దేశం. బండ్లు ఒకదానికొకటి తాకకూడదు. పొలం దగ్గర ఆగిన ట్రాక్టరును లారీతో లేపాల్సి వస్తే 24 వోల్టులు నేరుగా ఇవ్వకూడదు, ఎర్తుకు కలిసి ఉన్న ఒక్క బ్యాటరీ నుంచే 12 తీసుకోవాలి.

నీళ్లు, యాసిడ్, పాత పెట్టె

ఫ్లోరైడ్ నీళ్లతో నల్గొండ పడ్డ బాధ దేశానికంతటికీ తెలుసు. ఆ నీటిని శుభ్రం చేసే పద్ధతికే మన జిల్లా పేరు ఉంది. అయినా బోరు నీళ్లు బ్యాటరీలో పోసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. బ్యాటరీకి అసలు శత్రువులు ఆ నీళ్లలోని క్లోరైడ్, ఇనుము. ఇవి ప్లేట్లను తింటాయి, ఊరికే ఉన్నప్పుడు దిగే వేగాన్ని పెంచుతాయి. కాచి చల్లార్చినా లవణాలు పోవు. మిషన్ భగీరథ నీళ్లు మనం తాగడానికి మంచివి, అందులో క్లోరిన్ కలుపుతారు కాబట్టి బ్యాటరీకి కాదు. ఆర్వో నీళ్లలోనూ కొంత లవణం మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ప్లేట్లు బయటపడి ఉంటే ఛార్జింగ్‌కు ముందు అవి మునిగేంత వరకే పోసి, నిండాక గుర్తు దాకా పోయాలి. ముందే నిండా పోస్తే ఉడికేటప్పుడు పొంగి యాసిడ్ బయటికి కారుతుంది.

గ్రావిటీ తక్కువ చూపించిందని యాసిడ్ పోయడం ఇంకా పెద్ద తప్పు. దిగిన బ్యాటరీలో యాసిడ్ ఎక్కడికీ పోలేదు, ప్లేట్లలో ఉంది. ఛార్జింగ్ పెడితే తిరిగి వస్తుంది. పైనుంచి పోసింది దానికి తోడై మరీ చిక్కబడి ప్లేట్లను, వాటి మధ్య పొరలను తినేస్తుంది. ఒలికిపోయినప్పుడు తప్ప యాసిడ్ పోయనక్కర్లేదు. ఎక్కడైనా యాసిడ్, నీళ్లు కలపాల్సి వస్తే నీళ్లలోకి యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే భగ్గున మరిగి చిమ్ముతుంది.

బ్యాటరీని గచ్చు నేల మీద పెడితే దిగిపోతుందని చెక్క పలక వేసేవాళ్లున్నారు. పాతకాలపు చెక్క, గట్టి రబ్బరు పెట్టెల రోజుల్లో అందులో నిజముంది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయం లేదు.

పరీక్షలన్నీ అయ్యాక నిజంగానే పోయిందని తేలితే, దాన్ని ఇంటి వెనక పగలగొట్టి సీసం తీయడం, ఊరూరా తిరిగే పాత సామాన్లవాళ్లకు తూకానికి అమ్మడం చేయకండి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, నేలలో కలిస్తే ఏళ్ల తరబడి పోదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే దుకాణంలో పాతదాన్ని తీసుకుని ధర తగ్గిస్తారు, ఆ తగ్గింపు ఎంతో బిల్లులో రాయించుకోండి. తీసుకెళ్లేటప్పుడు మూతలు బిగించి, రెండు టెర్మినళ్లకూ టేపు చుట్టి, నిటారుగా పెట్టండి. బరువు తగ్గుతుందని లోపలి యాసిడ్‌ను కాలువలోనో చెట్టు మొదట్లోనో పారబోస్తే సీసం కలిసిన ఆ నీళ్లే మళ్లీ బోరులోకి దిగుతాయి.